సంస్థానాశ్రయమునుండి చందాదారుని చేతికి: తెలంగాణమున స్వతంత్ర ప్రచురణ సంస్థలు

గ్రంథమును రచించినవానినిగూర్చి మన సాహిత్యచరిత్రకారులు విపులముగా వ్రాసిరి. దానిని అంకితము గొన్నవానినిగూర్చియు వ్రాసిరి. కాని దానిని అచ్చొత్తించి, మూటగట్టి, పాఠకుని యింటికి చేర్చినవానినిగూర్చి వ్రాసినది మిక్కిలి స్వల్పము. ఆధునికయుగమున కృతిభర్త స్థానమునకు వచ్చినవాడు ప్రచురణకర్తయే. తెలంగాణమున ఈ మార్పు విలక్షణమైన పరిస్థితులలో జరిగినది. ఇచట నవల, నాటకము, అనువాదము అను మూడింటికిని రాజాశ్రయము దొరకలేదు. పాఠశాలల అండయు లేదు. కొలదిమంది వ్యక్తులు తమ శ్రమను, తమ కొద్దిపాటి ధనమును వెచ్చించి నడపిన చిన్న సంస్థలే వానిని నిలిపినవి. ఆ సంస్థలు అల్పాయువులు. అల్పాయువులు గనుక విఫలములని తలచుట వాడుక. ఆ తలంపు సరికాదని చూపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. మార్పు ఎచటనుండి ఎచటికి జరిగినదో స్పష్టపడుటకై ఒక పాత సంస్థానమైన దోమకొండనుండి ప్రారంభింతును.

దోమకొండ నేడు కామారెడ్డి జిల్లాలోనిది. 2016వ సంవత్సరమున కొత్తజిల్లాలు ఏర్పడువరకు నిజామాబాదు జిల్లాలో నుండెడిది. కోటయు, కోటలోపలి మహాదేవాలయమును ఆ యూరికి గురుతులు. ఇది కామినేని వంశీయుల సంస్థానమునకు ముఖ్యస్థానము. ఆ వంశమువారి తొలినాటి స్థానము సమీపముననే యున్న బిక్కనవోలు, అనగా నేటి భిక్కనూరు. 16వ శతాబ్దిలో, గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలమున, ఈ వంశమునకు చెందిన కామినేని మల్లారెడ్డి ప్రభువై యుండియు కవియై ‘షట్చక్రవర్తి చరిత్రము’, ‘శివధర్మోత్తరము’ రచించెను. హరిశ్చంద్ర నల పురుకుత్స పురూరవ సగర కార్తవీర్యుల కథలను ఒక్కచోట కూర్చుట రాజకవికి తగిన వస్తువే.

ఇట్టి కావ్యమునకు కావలసిన సాధనసామగ్రి యెంత? తాటాకులు, గంటము, ఒక లేఖకుడు, వినుటకు ఒక కొలువుకూటము. ఎన్ని ప్రతులు అమ్ముడుపోవును అను ప్రశ్న ఆ వ్యవస్థలో పుట్టనే పుట్టదు. కావ్యము ప్రభుత్వమువలెనే వారసత్వముగా వచ్చు సొత్తు. అందుచేతనే అది నాలుగు శతాబ్దులు నిలిచినది. ఆ వ్యవస్థయొక్క బలమిదియే. దాని పరిమితియు నిందే యున్నది. వినువాడు ప్రభువు, కనుక చెప్పదగిన కథ ప్రభువునకు నచ్చునదియే. పన్ను కట్టలేని రైతు కథగాని, విధవరాలి కథగాని, పరభాషలో నిన్నమొన్న వెలువడిన నవలగాని ఆ కొలువులోనికి ప్రవేశించుటకు ద్వారము లేదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు మొదలగు సంస్థానములు పండితులను, అవధానులను సత్కరించి తెలుగునకు చేసిన సేవ గొప్పది. ఐనను ఆ సేవ ప్రధానముగా పద్యమునకు, శాస్త్రమునకు, పురాణమునకు చెందినది.

20వ శతాబ్దిలో దోమకొండ సంస్థానమున విద్వత్తు అడుగంటలేదు. రాజా రాజేశ్వరరావు ‘అస్గర్’ అను కలంపేరుతో ఉర్దూ సాహిత్యమున కృషిచేసి, హిందీ–ఉర్దూ నిఘంటువును కూర్చిరి. దీనిని దోషముగా నెన్నరాదు. నిఘంటునిర్మాణము ఏ భాషకైనను మేలే. కాని తెలుగు గ్రామముల నడుమనున్న ఒక సంస్థానమున పాండిత్యము నాడు ఏ భాషవైపు మొగ్గియుండెనో దీనివలన తెలియుచున్నది. అది ఒక వ్యక్తి అభిరుచిమాత్రమే కాదు. రాజ్యమంతటను వీచిన గాలి.

నిజాము రాజ్యమున 19వ శతాబ్ది చివరి భాగమునుండి రాజభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు ఉర్దూయే. ఆ బోధనకు కావలసిన గ్రంథములను సిద్ధపరచుటకై అంతకు ముందటి యేడు, అనగా 1917లో, ప్రభుత్వము దారుల్ తర్జుమా అను అనువాదశాలను స్థాపించినది. జీతముగల అనువాదకులు, పరిభాషానిర్ణయ సంఘములు, ప్రభుత్వముద్రణము, చదివి తీరవలసిన విద్యార్థులు: అనువాదమునకు వలసిన సమస్తమును అచట సమకూడినవి. దేశభాషలో ఉన్నతవిద్య గరపుటకు భారతదేశమున జరిగిన ప్రయత్నములలో అది లెక్కింపదగినది. కాని రాజ్యమున పెక్కుమంది మాతృభాషయైన తెలుగునకు అందులో పాలు లేదు. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన ఒక సంస్కరణసభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభికులు అల్లరిచేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. సభలకు ముందుగా ప్రభుత్వానుమతి పొందవలెనని శాసించిన ‘గస్తీ నిషాన్ 53’ అను ఉత్తరువు ఆ దశాబ్దిలోని ప్రజాజీవనమును బంధించెను. సభ జరుపుట కష్టమైనచోట పుస్తకమే సభయగును. తెలంగాణమున గ్రంథాలయోద్యమమును, గ్రంథమాలలును రాజకీయోద్యమమునకు ముందు నడచుటకు కారణమిదియే.

ఈ మార్గమున తొలి అడుగు 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము. రెండవది 1906లో హైదరాబాదుననే పుట్టిన విజ్ఞానచంద్రికా మండలి. కొమర్రాజు వేంకటలక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావుగార్లు దానికి మూలపురుషులు. మునగాలరాజు నాయని వేంకటరంగారావుగారు పోషకులు. గాడిచర్లవారి ‘అబ్రహాము లింకను చరిత్ర’, చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’ ఈ మండలి ప్రచురణలు. కేతవరపు వేంకటశాస్త్రిగారి ‘రాయచూరు యుద్ధము’ వంటి చారిత్రక నవలలును దానివలననే వెలువడినవి. ఇందు రెండు వ్యవస్థలును కలిసియున్నవి: ఒక జమీందారు ఔదార్యము, దానిప్రక్కనే చందాదారుల పట్టిక. ప్రభువు ఇంకను ఉన్నాడు. కాని కృతి ఆయనకొరకు వ్రాయబడుట లేదు. ఈ సంధికాలము మనము శ్రద్ధగా గమనింపదగినది. మండలి 1908లో చెన్నపట్టణమునకు తరలిపోయినది. అచట ముద్రణసౌకర్యములు మెండు. తెలుగు చదువరులును మెండు. ఆ తరలింపువలన తెలుగునకు నష్టము కలుగలేదుగాని, తెలంగాణమునకు ఒక ప్రశ్న మిగిలినది: ఇచటి గడ్డమీదనే నిలిచి తెలుగు గ్రంథమును అచ్చువేయుట సాధ్యమా?

దీనికి సమాధానము హైదరాబాదునుండి రాలేదు. ఒక కుగ్రామమునుండి వచ్చినది. నాటి వరంగల్లు ప్రాంతమునందలి ఇనుగుర్తిలో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, ఒద్దిరాజు రాఘవరంగారావు అను సోదరులు విజ్ఞానప్రచారిణీ గ్రంథమాలను నెలకొల్పిరి. స్వగ్రామముననే ముద్రణాలయము నడపిరి. 1922లో అచటినుండియే ‘తెనుగు’ అను వారపత్రికను వెలువరించిరి. అదే సంవత్సరమున నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు ‘నీలగిరి’ పత్రికను ప్రారంభించిరి. అనగా రాజధానిలో ‘గోలకొండ పత్రిక’ 1926లో జన్మించుటకు నాలుగేండ్లు ముందే గ్రామము, జిల్లాకేంద్రము తమ అచ్చుయంత్రములను త్రిప్పినవి. ఆధునికత నగరమునుండి పల్లెకు దిగివచ్చునను సామాన్యసూత్రము ఇచట తలక్రిందులైనది.

ఈ సోదరుల ప్రచురణదృష్టి మన విషయమునకు ముఖ్యము. సీతారామచంద్రరావుగారు కాకతీయ చరిత్రనుండి ‘రుద్రమదేవి’ నవలను రచించిరి. రాఘవరంగారావుగారు రవీంద్రుని వంగనవల ‘నౌకాడూబి’ని ‘పడవ మునక’ అను పేర తెలుగు చేసిరి. రాజధానిలో ప్రభుత్వము వేలకొలది ధనము వెచ్చించి శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చుచుండిన యుగముననే, రైలుమార్గమునకు ఎడముగనున్న ఒక పల్లెలో ఇద్దరు వ్యక్తులు ఎవరి ఆనతియు లేకయే వంగసాహిత్యమును తెలుగునకు దెచ్చిరి. ఒకదానికి పాఠకుడు ముందే సిద్ధముగా నున్నాడు. పరీక్ష వానిని చదివించును. రెండవదానికి పాఠకుని సృష్టించుకొనవలసియున్నది. స్వతంత్ర ప్రచురణకు ఇంతకన్న స్పష్టమైన నిర్వచనము చెప్పనక్కరలేదు: పాఠకుడు ఉన్నాడో లేడో తెలియకమునుపే అచ్చువేయుట.

ఇట్టి ముద్రణాలయముయొక్క ఆర్థికస్థితి అర్థము కావలెనన్న ఆనాటి ముద్రణవిధానము తెలియవలెను. సీసపు అక్షరములను ఒక్కొక్కటిగా చేతితో కూర్చి ఫారము బిగింతురు. తెలుగున గుణింతములు, ఒత్తులు ఉండుటచే అక్షరపు గళ్లు ఇంగ్లీషునకు కావలసినవానికంటె ఎన్నోరెట్లు ఎక్కువ. చిన్న ముద్రణాలయమున అక్షరముల నిలువ కొద్ది. ఒక ఫారము అచ్చైన పిమ్మట ఆ అక్షరములను విడదీసి గళ్లలో పోసినగాని తరువాతి ఫారము కూర్చుటకు వీలుపడదు. అందుచేత పెద్దనవల ఒక్కమారుగా అచ్చగుట దుష్కరము. సన్నని పుస్తకమే సుకరము. కాగితమునకు రొక్కము ముందే చెల్లింపవలెను. అమ్మకపుసొమ్ము నెలలమీద వచ్చును, లేదా రాదు. నాటి గ్రంథమాలల పుస్తకములు పలుచగానుండుట రచయితల అశక్తతవలన గాదు. అక్షరపు గళ్లే ఆ కొలతను నిర్ణయించినవి. కథానిక, ఏకాంకిక, చిన్ననవల మన సాహిత్యమున వ్యాపించుటలో ఈ భౌతికకారణమునకును భాగము గలదని నా యభిప్రాయము.

దీనికితోడు నాణెముల చిక్కు. నిజాము రాజ్యమున హాలీ సిక్కా చెల్లుచుండెను. బ్రిటిషు ప్రాంతమున కల్దారు. సుమారు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. చెన్నపట్టణమునగాని బెజవాడలోగాని అచ్చైన రూపాయి పుస్తకము తెలంగాణపు పాఠకునికి రూపాయికంటె ఎక్కువ పడును. స్థానికముగా అచ్చగు చౌకపుస్తకమునకు ఇది ఒక సమర్థన. కె. సి. గుప్తగారు హైదరాబాదున నడపిన అణా గ్రంథమాల పేరులోనే దాని సిద్ధాంతము కలదు. పుస్తకపు వెల ఒక అణా. వెలనే బిరుదముగా ధరించిన గ్రంథమాల ఎవరికొరకు పుట్టినదో వేరుగా చెప్పనక్కరలేదు.

నాటకముయొక్క చరిత్ర దీనికి కొంత భిన్నము. నవలవలె నాటకము ఒంటరి పాఠకునిపై ఆధారపడదు. ఆడువారును చూచువారును ఉన్నచో పుస్తకము దానంతట అదే వెంట వచ్చును. తెలంగాణపు పల్లెలలో వీధిభాగవతములు, చిరుతల రామాయణములు, యక్షగానములు నిండుగా నున్నవి. చెర్విరాల భాగయ్యగారి యక్షగానములు సికింద్రాబాదు పుస్తకవ్యాపారులవలన అచ్చై, జాతరలలో, సంతలలో అమ్ముడై, ఊరూర ప్రదర్శింపబడినవి. పండితులు వానిని పరిగణింపలేదు, సంస్థానములు పోషింపలేదు, అయినను అవి ఏ అనుమతిపత్రమును గోరక జనులలోనికి వెళ్లినవి. కొత్తనాటకమునకు ఈ సౌలభ్యము లేదు. తెలంగాణ రైతు పోరాటమును వస్తువుగా గొన్న ‘మాభూమి’ నాటకమును సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు 1947లో సర్కారుప్రాంతమున రచించిరి. ప్రజానాట్యమండలి దానిని ఊరూర ప్రదర్శించినది. మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. కథ తెలంగాణపుది; రంగస్థలమును ముద్రణయు వేరొకచోట. ఏ నేలలోని దుఃఖము ఆ నేలలో అచ్చగుటకు వీలులేని స్థితి ఎట్టిదో ఈ ఒక్క నాటకముయొక్క ప్రయాణము తెలుపగలదు.

ఆ స్థితిని ఎదిరించి తెలంగాణముననే నిలిచి ప్రచురించినవారిలో అగ్రగణ్యులు వట్టికోట ఆళ్వారుస్వామిగారు. 1915లో నల్లగొండ జిల్లా చెరువుమాదారమున జన్మించిరి. చిన్ననాడు ఒక ఉపాధ్యాయుని యింట వంటపని చేయుచు చదువు నేర్చిరి. బెజవాడలో హోటలు పనియు, పిదప ‘గోలకొండ పత్రిక’లో అచ్చుతప్పులు దిద్దుపనియు చేసిరి. 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. ఆ యేటనే కాశీనాథుని నాగేశ్వరరావుగారు దివంగతులైరి. దేశోద్ధారక అనునది వారి బిరుదము. ఆంధ్రగ్రంథమాలను నడపిన మహాదాత పేరును, చేతిలో ధనములేని ఒక శ్రామికుడు తన గ్రంథమాలకు పెట్టుకొనుటలో ఔచిత్యము గలదు. నాగేశ్వరరావుగారికి అమృతాంజనము ఆదాయముండెను. ఆళ్వారుస్వామిగారికి తమ కాళ్లు తప్ప వేరు ఆదాయము లేదు. పుస్తకముల మూట మోసికొని ఇల్లిల్లు తిరిగి అమ్మిరి. ముప్పదికి పైగా గ్రంథములు ఆ విధముగా వెలువడినవి.

ఈ కథ మరల మనలను నిజామాబాదు జిల్లాకు కొనివచ్చును. 1937లో ఆరవ ఆంధ్రమహాసభ మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన నిజామాబాదున జరిగినది. ఆ పట్టణపు కోటలోని కారాగారముననే 1948లో ఆళ్వారుస్వామిగారును, దాశరథి కృష్ణమాచార్యులుగారును బందీలుగా నుండిరి. కాగితము దొరకని ఆ చెరసాలలో దాశరథి పద్యములు బొగ్గుతో గోడలకెక్కినవనుట ప్రసిద్ధము. ముద్రణాలయముగాని చందాదారుడుగాని లేనిచోట గోడయే పుటయైనది. చెర విడిచిన పిదప 1949లో దాశరథి తొలి కవితాసంపుటి ‘అగ్నిధార’ ఆళ్వారుస్వామిగారి ప్రచురణగా వెలువడినది. తోడిబందీ కృతికర్తయైనాడు, రెండవబందీ ప్రచురణకర్తయైనాడు. దోమకొండ కొలువున ప్రభువే కవియైన నాటికిని దీనికిని మధ్య నాలుగు శతాబ్దులు గడచినవి. దూరము మాత్రము ఒక దినపు ప్రయాణము. అచట కావ్యమునకు కోట ఆశ్రయమైనది, ఇచట కోటలోని చెరసాల కావ్యమునకు కారణమైనది.

ఆళ్వారుస్వామిగారు ప్రచురణకర్తలు మాత్రమే కారు. ‘జైలు లోపల’ కథలును, 1955లో ‘ప్రజలమనిషి’ నవలయు వారి రచనలు. ఆ నవలలో దేశముఖు కలడు, పల్లె కలదు, కాని కథాకేంద్రము దేశముఖు కాదు, కంఠీరవుడను సామాన్యుడు. ఇతరుల పుస్తకములు మోసి పాఠకుని ముఖము చూచినవాడు వ్రాసిన నవల యిది. ఇంటింటికి పోయి పుస్తకము అమ్మిన వ్యక్తికి పాఠకుడెవరో, వాని మాటతీరెట్టిదో గ్రంథములు చదివి తెలిసికొనవలసిన పనిలేదు. ‘ప్రజలమనిషి’లోని భాషకు గల సహజత్వమునకు ఈ వృత్తియే మూలమని నేను భావింతును. ‘గంగు’ నవల అసంపూర్ణముగా నుండగనే 1961 ఫిబ్రవరి 5న వారు మరణించిరి. ఆ నవల 1965లో వెలువడినది.

ఇంక వైఫల్యమను ఆక్షేపణను పరిశీలింతము. ఇనుగుర్తి పత్రిక దశాబ్దిని దాటలేదు. దేశోద్ధారక గ్రంథమాల దాని స్థాపకుని బలిమిపైననే నడచినది. నిజమే. మూలధనము లేనిచోట వ్యక్తియే మూలధనము; అతడు అలసినచో సంస్థ అలయును. కాని సంస్థ ఆయుర్దాయమును ఫలితమునకు కొలబద్దగా గైకొనుట తగదు. ఈ గ్రంథమాలలు పాఠకుని తయారుచేసినవి. 1934లో సురవరం ప్రతాపరెడ్డిగారు ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించి తెలంగాణమున 354 మంది కవులు కలరని నిరూపించిరి. అది రచయితల లెక్క. పాఠకుల లెక్కను ఎవరును తీయలేదు. తీసియున్నచో ఆ లెక్కకు ఈ చిన్న సంస్థలే కారణములని తేలియుండెడిది. 1953లో బెజవాడలో ఏర్పడిన విశాలాంధ్ర ప్రచురణాలయము ‘ప్రజలమనిషి’ని మరల మరల ముద్రించుటయు, 1980లో స్థాపితమైన హైదరాబాద్ బుక్ ట్రస్టు అలెక్స్ హేలీ నవలను సహవాసిగారి అనువాదమున ‘ఏడుతరాలు’గా వెలువరించుటయు శూన్యమునుండి జరుగలేదు. దూరదేశపు బానిసల వంశకథను తెలుగుపల్లెలో చదువగలవాడు, అరువదేండ్లకు ముందు ‘పడవ మునక’ చదివినవాని మనుమడు.

ఇందు మన బాధ్యత యేమి? సంస్థానవ్యవస్థ కొలదిప్రతులను దీర్ఘకాలము కాపాడినది; చిన్న ప్రచురణ సంస్థ పెక్కుప్రతులను పంచిపెట్టినదేగాని కాపాడుకొనలేదు. ముతకకాగితముపై అచ్చై, చేతులు మారి చిరిగిన పుస్తకము తన పని తాను పూర్తిచేసినదే. కాని చరిత్రకారునికి సాక్ష్యము నశించినది. దోమకొండ కోటను శ్రద్ధతో ఉద్ధరించిరి. 2022లో దానికి యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారము లభించినది. సంతోషింపదగిన విషయము. రాతికి జరిగిన ఈ మర్యాద కాగితమునకు జరుగలేదు.

పరిశోధకవిద్యార్థులు తాళపత్రములకై వెదకునపుడు చూపు శ్రద్ధతోనే పల్లె గ్రంథాలయముల అటకలపై నున్న ఈ సన్నని పుస్తకములను వెదకవలెను. గ్రంథముమాత్రమే చాలదు. వెనుక అట్టపై నున్న ప్రకటనలు, వెల, ముద్రణాలయపు పేరు, ప్రతులసంఖ్య, చందాదారుల పట్టిక, గ్రంథాలయపు ముద్ర, అంచున పాఠకుడు వ్రాసికొన్న మాట — ఇవి యన్నియు శాసనములవలెనే చదువదగినవి. లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ ప్రకటించి రాజుల దానములను వెలుగులోనికి తెచ్చినది. రాజులు కానివారు చేసిన ఈ అక్షరదానముల పట్టికను సిద్ధపరచుట ఈ తరము పరిశోధకుల పని. పట్టిక తయారగునంతవరకు కాగితము నిలుచునా అనునదే భయము. కనుక ఆ పని ఆలసింపదగినది కాదు.